ఊరి మోరీలో మూడు రకాల నీళ్లు

సీసీ రోడ్డు పడ్డ ప్రతి ఊళ్లోనూ దాని పక్కనే ఒక మురుగు కాలువ ఉంటుంది. తెలంగాణలో మోరీ అంటారు, కోస్తాలో సైడు కాలువ. అది ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు, ఎవరి ఇంటి ముందు వాళ్లకు మొదలవుతుంది. ఎక్కడ ఆగుతుందని అడిగితే మాత్రం వార్డు మెంబరు కూడా కాసేపు ఆలోచిస్తాడు. చాలా ఊళ్లలో అది ఆగేది చెరువు శిఖంలో, లేదంటే పంట కాలువలో, అదీ కాదంటే ఊరి చివర ఎవరో ఒక రైతు చేను గట్టున. ఆ రైతు ప్రతి గ్రామసభలోనూ లేచి నిలబడి అదే మాట అడుగుతాడు, ప్రతిసారీ తీర్మానం రాసుకుంటారు.

ఈ సమస్యకు వెంటనే వినిపించే పరిష్కారం "ఊరికో ప్లాంటు పెట్టాలి" అన్నది. పట్నంలో ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) ఉంది కాబట్టి పల్లెలో చిన్న ఎస్టీపీ ఉండాలన్న ఆలోచన అది. నా ఉద్దేశంలో చిక్కంతా అక్కడే ఉంది. పల్లె మురుగును శుద్ధి చేయడం అంత కష్టమైన పని కాదు. మోరీలో కలవకూడనివి కలిపేసి, ఆ తర్వాత అన్నిటినీ ఒకే మిషన్‌తో బాగు చేయాలనుకోవడం వల్లే అది కష్టమూ అవుతోంది, ఖరీదూ అవుతోంది.

ముందు ఎంత నీరో చూద్దాం. బావి నుంచి బిందెలతో మోసుకొచ్చిన రోజుల్లో నీళ్లను లెక్కగా వాడేవాళ్లు. స్నానం నీళ్లు పెరట్లో అరటి చెట్ల మొదళ్లలోకి పోయేవి, అంట్లు తోమిన నీళ్లు చేమ మడిలోకి. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలి. తెలంగాణలో మిషన్ భగీరథ పల్లెలకు పెట్టుకున్న లెక్క 100 లీటర్లు. ఇచ్చిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్లు లెక్క కడతారు. 2,000 మంది ఉన్న ఊళ్లో 55 లీటర్ల చొప్పున రోజుకు 88 వేల లీటర్లు, 100 లీటర్ల చొప్పున అయితే లక్షా 60 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లకు ఎక్కిస్తే రోజుకు 32 ట్యాంకర్లు. నల్లాకు తిప్పు లేక నీళ్లు అలా పోతూనే ఉండే వీధులుంటే ఇంకా ఎక్కువ. నీళ్లు ఊళ్లోకి తేవడానికి పథకం ఉంది, శంకుస్థాపన ఉంది, ఫోటో ఉంది. అవే నీళ్లు ఊళ్లోంచి బయటికి పోవడానికి మాత్రం మోరీ ఒక్కటే దిక్కు.

మోరీలో పారేది చూడటానికి ఒకే నల్లటి నీరులా ఉంటుంది కానీ అందులో మూడు రకాలు ఉన్నాయి. ఒకటి వాన నీరు. అది శుభ్రమైనదే, ఏడాదిలో కొన్ని నెలలే వస్తుంది, వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. రెండోది వంటిల్లు, స్నానం, బట్టలు ఉతకడం వల్ల వచ్చే వాడుక నీరు. ఇందులో సబ్బు, నూనె జిడ్డు, గంజి, మట్టి ఉంటాయి. రోగకారక క్రిములు అసలు ఉండవని కాదు, కానీ తక్కువ. మొత్తం మురుగులో ఎక్కువ భాగం ఇదే. మూడోది మరుగుదొడ్డి నీరు. పల్లెల్లో చెంబుతోనో మగ్గుతోనో పోసేవాళ్లే ఎక్కువ కాబట్టి ఇది పరిమాణంలో కొంచెమే. కానీ కామెర్లు, టైఫాయిడ్, విరేచనాలు, నులిపురుగుల గుడ్లు, ఇవన్నీ ప్రధానంగా వచ్చేది ఈ కొంచెంలోనే. కడివెడు పాలలో ఉప్పుకల్లు పడినట్టు, ఇది మోరీలో కలిసిన క్షణం నుంచి ఆ లక్ష లీటర్లూ మరుగుదొడ్డి నీళ్ల కిందే లెక్క. విడిగా ఉంటే అరటి చెట్టుకు పెట్టగలిగిన వాడుక నీరు ఇక దేనికీ పనికిరాకుండా పోతుంది.

ఎలా కలుస్తుంది? మోరీ వెంట ఒకసారి నడిస్తే తెలుస్తుంది. ఇళ్ల గోడల కింద నుంచి నాలుగంగుళాల పీవీసీ పైపులు బయటికి వచ్చి ఉంటాయి. కొన్నిటి కింద సబ్బు నురగ తెల్లగా ఉంటుంది, అవి బాత్రూమువి. కొన్నిటి కింద సిమెంటు మీద నల్లగా జిగురులాంటి చార ఉంటుంది, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అవి సెప్టిక్ ట్యాంకు పైపులు.

సెప్టిక్ ట్యాంకు కట్టుకున్నాం కాబట్టి శుద్ధి అయిపోయిందని చాలామంది నమ్మకం. అది చేసేది సగం పనే. బరువైనది అడుగుకు దిగుతుంది, తేలికైనది తెట్టెలా పైకి తేలుతుంది, మధ్యలో ఉన్న నీరు రెండో గది దాటి బయటికి పోతుంది. అడుగున చేరిన మడ్డిని గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు మెల్లగా తిని తగ్గిస్తాయి. అందులోంచి వచ్చే వాయువులే ఆ వాసన. బయటికి వచ్చే నీటిలో కరిగి ఉన్న మలినం, క్రిములు చాలావరకు అలాగే ఉంటాయి. అందుకే ఆ నీటిని నేలలో ఇంకించాలి, ఆ మిగతా సగం పని చేసేది మట్టి. ఇంకుడు గుంత తవ్వడానికి స్థలం లేకనో, ఖర్చెందుకనో ఆ పైపును మోరీలోకి తిప్పేస్తాం. పైపు తిప్పడం మేస్త్రీకి గంట పని. దాని ఫలితం ఊరంతటిదీ.

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది: "మా ట్యాంకు పదిహేనేళ్లయినా నిండలేదు." గొప్పగా చెప్పుకునే మాటే గానీ, దాని అర్థం వేరు. సరిగ్గా కట్టిన ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. పదిహేనేళ్లు నిండలేదంటే, అడుగున సిమెంటు లేక లోపలిది భూమిలోకి దిగిపోతూ ఉండాలి. లేదా ట్యాంకు ఎప్పుడో మడ్డితో నిండిపోయి, కొత్తగా వచ్చింది వచ్చినట్టే పైపులోంచి మోరీలోకి వెళ్లిపోతూ ఉండాలి. మొదటిదైతే పక్కింటి బోరు నీళ్లలో నైట్రేటు పెరుగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం, దాటితే ఆ నీళ్లు కలిపిన పాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం. రెండోదైతే ఆ ఇంట్లో ట్యాంకు ఉన్నా లేనట్టే.

నిజానికి పల్లెకు సెప్టిక్ ట్యాంకు కంటే తగినది రెండు గుంతల మరుగుదొడ్డి. చౌక, మడ్డి తోడే బండిని పిలవక్కర్లేదు. మొదటి గుంత నిండగానే నీళ్లను రెండో గుంతకు మళ్లిస్తారు. నిండినదాన్ని ఏడాదిన్నర నుంచి రెండేళ్లు మూసి ఉంచితే లోపలిది వాసన లేని పొడి ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఇతర రాష్ట్రాల అధికారులను వెంటబెట్టుకుని వరంగల్ దగ్గరి గంగదేవిపల్లికి వచ్చి, స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువును తవ్వి తీశారు. ఐఏఎస్ అధికారి దొడ్డి గుంతలోకి దిగాడని దేశమంతా వార్త అయింది. ఆయన చూపించాలనుకున్నది అదే: సరిగ్గా మూసి ఉంచిన గుంతలో మిగిలేది ఎరువే.

కానీ ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక చిన్న వస్తువు ఉండాలి. రెండు గుంతలకూ మధ్య, దారి మళ్లించే ఒక చిన్న తొట్టి. అందులో ఒక పైపును ఇటుకతో మూసేస్తే నీళ్లు రెండో దాంట్లోకి పోతాయి. చాలాచోట్ల ఈ తొట్టి లేకుండా మొదటి గుంత నుంచి రెండో గుంతకు నేరుగా పైపు వేసేస్తారు. అప్పుడు రెండు గుంతలూ ఒకేసారి వాడకంలో ఉంటాయి, దేనికీ విశ్రాంతి దొరకదు, ఎరువూ తయారవదు. కాగితం మీద మాత్రం రెండు గుంతలే. మరుగుదొడ్డి బిల్లు పాస్ చేసేవాళ్లు మూత ఎత్తి ఆ తొట్టిని చూడాలి. గోడకు రంగు వేశారా లేదా అన్నది తర్వాత సంగతి.

సగం నిండిన గుంతలోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెం ఉంటే ముక్కు పసిగడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే మొదట దిగినవాడిని కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటారు. మురుగు పనుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్యాంకు ఖాళీ చేయడం మిషన్ బండి పనే, మనిషి పని కాదు.

బండి వచ్చి తోడుకెళ్తుంది సరే, ఎక్కడ పోస్తుంది? పొద్దుపోయాక ఊరవతల వాగులో పోసిన బండ్లు బోలెడు. ట్యాంకు మడ్డి మామూలు మురుగు కంటే ఎన్నో రెట్లు చిక్కన. ఒక్క బండి మడ్డి వాగులో పోస్తే వందల ఇళ్ల మురుగు ఒకేసారి వదిలినంత పని. దీనికి వేరే రకం కేంద్రం కావాలి: మడ్డిని ఆరబెట్టి, క్రిములను చంపి, విడిపోయిన నీటిని శుద్ధి చేసేది. 2016లో వరంగల్ కార్పొరేషన్ ఈ బండ్లకు నిబంధనలు పెట్టి, ఆ తర్వాత మడ్డి శుద్ధి కేంద్రం కట్టింది. ఆంధ్రలో నరసాపురంలోనూ అలాంటిది వచ్చింది. ఇవి పట్టణాలవే అయినా చుట్టుపక్కల ఊళ్ల బండ్లు వీటికి రావచ్చు, రావాలి కూడా. స్వచ్ఛ భారత్ రెండో దశ మార్గదర్శకాలు కూడా దగ్గర్లో పట్టణ కేంద్రం ఉంటే ఊళ్లను దానికే కలపమంటాయి. ప్రతి ఊరూ తనకో కేంద్రం కట్టుకోనక్కర్లేదు.

మరుగుదొడ్డి నీళ్లను ఇలా విడిగా చూసుకుంటే మిగిలేది వాడుక నీరు. దానికి మందు ఇంకుడు గుంత అని అందరికీ తెలుసు, ఉపాధి హామీలో లక్షల గుంతలు తవ్వారు కూడా. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండే గుంతలో అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్నవి, ఆ పైన ఇసుక. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ఊళ్లకు ఊళ్లు ఇంటింటికీ గుంతలు తవ్వుకుని మోరీలనే మూసేశాయి, దోమలు తగ్గాయి. ఆ కథ విని మన దగ్గర తవ్వినవాటిలో చాలా గుంతలు రెండేళ్లకే పూడిపోయాయి. కారణం గంజి, జిడ్డు. గుంతకు ముందు ఒక చిన్న తొట్టి కట్టి, అందులో చేరే జిడ్డునూ మెతుకులనూ వారానికోసారి తీసేస్తే గుంత ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఆ తొట్టి లేకపోతే రాళ్ల సందులన్నీ జిడ్డుతో మూసుకుపోతాయి.

రెండో కారణం నేల. ఎర్ర నేలలో, గరప నేలలో నీళ్లు హాయిగా ఇంకుతాయి. నల్లరేగడిలో ఇంకవు. తడిస్తే అది ఉబ్బి సందులు మూసేసుకుంటుంది. అదే అంచనా, అదే కొలత, అదే డ్రాయింగ్ ఆదిలాబాద్ రేగడికీ మహబూబ్‌నగర్ చెల్క నేలకూ పంపితే ఒకచోట గుంత పనిచేస్తుంది, ఇంకోచోట దోమల తొట్టి అవుతుంది. తవ్వే ముందు చిన్న పరీక్ష చాలు. అడుగు లోతు గుంత తీసి, రాత్రంతా నీళ్లతో నాననిచ్చి, తెల్లారి మళ్లీ నింపి ఎంతసేపట్లో దిగుతున్నాయో చూడటమే. మధ్యాహ్నానికి కూడా నీళ్లు అలాగే ఉంటే అక్కడ ఇంకుడు గుంత వద్దు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం లౌండెస్ కౌంటీలోనూ నేల ఇలాంటి నల్ల బంకమట్టే. అక్కడ పల్లెలకు ఊరుమ్మడి మురుగు పైపులు లేవు, మామూలు సెప్టిక్ ట్యాంకు ఆ నేలలో పనిచేయదు, పనిచేసే రకం పెట్టించుకోవడానికి పేద నల్లజాతి కుటుంబాల దగ్గర డబ్బులేదు. చాలా ఇళ్ల దొడ్డి నీళ్లు పైపులోంచి నేరుగా పెరట్లోకే. 2017లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ వెళ్లి చూసినవాటిలో ఇవీ ఉన్నాయి. అంత డబ్బున్న దేశంలో కూడా నేల సంగతి చూడకుండా ఒకే పద్ధతి అందరికీ అంటగడితే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది.

డెల్టాలో ఇబ్బంది వేరు. కాలువలకు నీళ్లు వదిలారంటే కొన్ని అడుగుల లోతులోనే నీరు తగులుతుంది. అప్పుడు గుంతలో వేసినది భూగర్భ జలంలో వేసినట్టే. అక్కడి మోరీలు డ్రెయిన్లలోకి, ఆ డ్రెయిన్లలో కొన్ని కొల్లేరులోకి. అలాంటి ఊళ్లలో గుంతల్ని నేల మీదికి ఎత్తి కట్టుకోవాలి, వాడుక నీటిని మోరీలోనే పంపి చివర శుద్ధి చేయాలి.

ఆ చివర చేయాల్సిన శుద్ధికి పల్లెకు తగినది చెరువు పద్ధతి. ఊరి చెరువు కాదు, దాని కోసం విడిగా తవ్విన మూడు మడుగులు. మొదటిది లోతుగా ఉంటుంది, అందులో మడ్డి దిగుతుంది. రెండోది మీటరు, మీటరున్నర లోతు. పగటి ఎండకు నాచు పెరిగి నీటిలోకి ఆక్సిజన్ వదులుతుంది, ఆ ఆక్సిజన్‌తో సూక్ష్మజీవులు మలినాన్ని తినేస్తాయి. మూడో దాంట్లో ఎండ, సమయం కలిసి క్రిములను చంపుతాయి. నులిపురుగుల గుడ్లు మెల్లగా అడుగుకు దిగిపోతాయి. కరెంటు అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు, మన ఎండలే ఇంజిను. చల్లటి దేశాల్లో దీనికి చాలా ఎక్కువ స్థలం కావాలి, మనకు అంత అక్కర్లేదు. రోజుకు లక్షా 60 వేల లీటర్లను 15 రోజులు నిలపాలంటే 2,400 ఘనపు మీటర్లు. సగటున మీటరున్నర లోతైతే 1,600 చదరపు మీటర్లు, అంటే 40 సెంట్లు, తెలంగాణ లెక్కలో 16 గుంటలు. గట్లతో కలిపి అర ఎకరం పైచిలుకు. పంజాబ్‌లో సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ పేరుతో నడుస్తున్న పద్ధతి కూడా దీనికి దగ్గరిదే: వరసగా మూడు బావుల్లాంటి తొట్లు, ఆ తర్వాత మడుగు, చివరికి ఆ నీళ్లు పొలాలకు.

ఈ మడుగులను పాడు చేసేది గుర్రపుడెక్క. నీటి మీద పచ్చగా పరుచుకుంటే శుద్ధి జరుగుతోందని మురిసిపోతాం. కానీ అది ఎండను నీటిలోకి దిగనివ్వదు. నాచు చస్తుంది, ఆక్సిజన్ పోతుంది. కోసి తీసేయకపోతే అదే కుళ్లి మళ్లీ మలినమవుతుంది. మెట్టతామరో జమ్ము గడ్డో కంకర పడకల్లో పెంచడం వేరే పద్ధతి, అది మంచిదే. దాన్నీ దీన్నీ కలిపి చూడకూడదు.

మరి మిషన్ ఎస్టీపీ ఎందుకు వద్దు? అందులో బ్లోయర్ రోజంతా గాలి ఊదుతూ ఉండాలి. కరెంటు కొన్ని గంటలు పోతే లోపలి సూక్ష్మజీవులు ఊపిరాడక చావడం మొదలవుతుంది. మళ్లీ పెంచడానికి రోజులు పడుతుంది. కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, మోటారు రిపేరు, ఇవి ఏ పంచాయతీకి ప్రతి నెలా వీలవుతాయి? అమ్మేవాళ్లు శుద్ధి చేసిన నీళ్లు గాజు గ్లాసులో పోసి చూపిస్తారు. అడగాల్సింది బీఓడీ ఎంత అని. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత అది. నమూనాను సీసాలో మూసి 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి, లోపలి ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తారు. ఇళ్ల మురుగుకు మామూలుగా లీటరుకు 200 మిల్లీగ్రాములు, ఆ పైన ఉంటుంది. వాగులో వదలడానికి ఎప్పటి నుంచో ఉన్న హద్దు 30. తేటగా కనిపించిన నీటికి కూడా బీఓడీ 100 ఉండొచ్చు.

పనిలో పనిగా ఫాగింగ్ గురించి. డెంగీ కేసు రాగానే మోరీల మీద పొగ కొడతాం, బ్లీచింగ్ చల్లుతాం. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచి నీళ్లలో: డ్రమ్ముల్లో, కూలర్లలో, పాత టైర్లలో. మోరీ మురుగులో పెరిగేది క్యూలెక్స్, అది బోదకాలు మోసుకొచ్చే దోమ. పైగా మోరీలోకి, మడుగుల్లోకి ఎక్కువ బ్లీచింగ్ పోతే మురుగును తినే సూక్ష్మజీవులూ చస్తాయి.

ఇక డబ్బు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో వాడుక నీటికి 5,000 జనాభా లోపు ఊళ్లకు మనిషికి 280 రూపాయల దాకా, అంతకు మించిన ఊళ్లకు 660 దాకా పెట్టుకోవచ్చని మార్గదర్శకాలు చెప్పాయి. ఇందులో 30 శాతం పంచాయతీయే 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి భరించాలన్నాయి. 2021-26 కాలానికి ఇచ్చిన ఆ నిధుల్లోనూ 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ సగం సగంగా కట్టేసి ఉంచినవే. మన 2,000 మంది ఊరికి 280 చొప్పున 5 లక్షల 60 వేలు. ఆ డబ్బుతో మిషన్ ప్లాంటు రాదు. వచ్చినా నడపడానికి ఏటా అంత ఇచ్చేవాళ్లు లేరు. నేల ఇంకేచోట ఇంటింటి గుంతలు, ఇంకనిచోట మడుగులు, తవ్వకం పని ఉపాధి హామీలో. ఇలా చేస్తే పల్లెకు ఆ డబ్బు సరిపోతుంది, మోరీలో దొడ్డి పైపులు లేకపోతే. ఉంటే ఎంత ఖర్చు పెట్టినా చివరికి వచ్చేది మరుగుదొడ్డి నీళ్లే. కాబట్టి మొదటి ఖర్చు ఆ పైపుల మీద పెట్టాలి. ఏ ఇంటి పైపు ఏమిటో రాసుకోవాలి, స్థలం ఉన్న ఇంటికి గుంత తవ్వించాలి, లేని నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకటి.

తర్వాతది బండి. 500 ఇళ్లున్న ఊళ్లో అన్నిటికీ సెప్టిక్ ట్యాంకులే అనుకున్నా, మూడేళ్లకోసారి ఖాళీ చేయాలంటే ఏడాదికి 167 ట్యాంకులు, అంటే వారానికి మూడు. ఒక ఊరికి ఒక బండి కొంటే అది వారంలో చాలా రోజులు షెడ్డులోనే ఉంటుంది. రోజుకు నాలుగు ట్రిప్పులు, వారానికి ఆరు రోజులు తిరిగే బండి ఏడెనిమిది ఊళ్లకు సరిపోతుంది. మండలంలో ఏడు పంచాయతీలు కలిసి తీర్మానం చేసుకుని, ఇంటి పన్నుతో పాటే కొద్ది మొత్తం వసూలు చేసి, ఏ వీధికి ఏ నెలలో బండి వస్తుందో పంచాయతీ గోడ మీద రాయించొచ్చు. అలా చేస్తే ట్యాంకు పొంగేదాకా ఆగి ఫోన్ చేసే అవసరం ఎవరికీ ఉండదు. బండి ఎక్కడ పోసిందో రసీదు చూపితేనే డ్రైవరుకు డబ్బు ఇవ్వాలి.